వియ్యంకుల తేనెపెట్టెలు

సెప్టెంబర్ 8, ఆదివారం

ఇవాళ పెట్టెల దగ్గరికి వెళ్ళాను. ఆ సంగతి జరిగాక వెళ్ళడం ఇదే. మూతపడిన కోల్డ్ స్టోరేజీ వెనకాల గడ్డి మోకాళ్ళ దాకా పెరిగిపోయింది. పది పెట్టెలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. బావగారు నాకన్నా ముందే వచ్చి మూడో పెట్టె ముందు గొంతుక్కూర్చుని ఉన్నారు.

ఎదురుపడితే ఏం చెయ్యాలో దారంతా ఆలోచిస్తూనే వెళ్ళాను. చూడనట్టు వెనక్కి వచ్చెయ్యాలనుకున్నాను. ఆయన తల ఎత్తకుండానే, "బావగారూ, ఒకసారి ఇలా రండి. ఇది చూడండి" అన్నారు. వెళ్ళి చూశాను.

నేలమీద తేనెటీగలు పాకుతున్నాయి. ఎగరలేకపోతున్నాయి. రెక్కలు ఉండచుట్టి విప్పిన కాగితంలా ఉన్నాయి. ఒకదాన్ని పట్టుకుని భూతద్దం పెట్టాను. కళ్ళద్దాల షాపులో పనిచేసేవాడి జేబులో భూతద్దం ఎప్పుడూ ఉంటుంది. ఈగ వీపుమీద ఎర్రగా, చదునుగా, ఆవగింజలో సగం ఉంది. పేను.

"పట్టాయండీ" అన్నారు బావగారు.

"పట్టాయి" అన్నాను.

అంతే. గడ్డి కాస్త పీకి వచ్చేశాను.

సెప్టెంబర్ 9

జరిగింది జరిగినట్టు ఎక్కడైనా రాసి పెట్టుకోండి, తర్వాత మర్చిపోతారు అని వకీలమ్మ చెప్పింది. మర్చిపోతానని ఆవిడకి ఎందుకు అనిపించిందో. సరే, రాస్తాను.

ఆగస్టు 17. అమ్మాయి కుడి మణికట్టు విరిగింది. అల్లుడు చెయ్యి మెలిపెట్టి విరిచాడని అమ్మాయి అంటోంది. మేడమెట్ల మీద జారిపడిందని అతను అంటున్నాడు. అప్పుడు ఇంట్లో ఉన్నది ముగ్గురు. అమ్మాయి, అతను, అతని తండ్రి. అంటే బావగారు. అమ్మాయి ఒక్కతే ఆటో ఎక్కి ఆస్పత్రికి వెళ్ళి, కట్టు కట్టించుకుని, అక్కణ్ణుంచి మా ఇంటికి వచ్చింది. కేసు పెట్టాం.

ఇంతే. ఇందులో మర్చిపోయేందుకు ఏముంది.

సెప్టెంబర్ 10

షాపులో ఒకావిడ కళ్ళద్దాలకి ఎడమ అద్దం కుడివైపు బిగించాను. యజమాని చూసి, విప్పి, తనే సరిచేశాడు. ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

సెప్టెంబర్ 15, ఆదివారం

నడకకి వెళ్తున్నానని చెప్పాను.

"నడకకి పొగడబ్బా ఎందుకండీ?" అంది మా ఆవిడ.

ఈగల్ని శాంతింపజేసే ఆ డబ్బా చేతిలో ఉన్న సంగతి నేనే చూసుకోలేదు.

"ఆ ముసలాయన వస్తాడా అక్కడికి?"

"రావచ్చు. ఈగలు ఇద్దరివీ కదా."

"ఈగలకి తెలుసు మరి ఎవరు ఎవరివాళ్ళో" అని లోపలికి వెళ్ళిపోయింది.

అమ్మాయి పెళ్ళయిన ఏడాది మొదటి రెండు పెట్టెలు కొన్నాం ఆయనా నేనూ. వియ్యంకులు ఎక్కడైనా పేకాడుకుంటారు, మీరేమిటి కుట్టించుకుంటున్నారు అని అందరూ ఆటపట్టించేవాళ్ళు. ఏడేళ్ళలో పది పెట్టెలయ్యాయి. అమ్మాయే లెక్క చెప్పేది మాకు, ఏ పెట్టెలో రాణీగ ముసలిదైంది, ఏది కోపిష్టి పెట్టె అని.

ఇవాళ పేలు ఎన్ని ఉన్నాయో చూశాం. మూడు వందల ఈగలు పట్టే సీసాలో ఈగల్ని వేసి, జల్లెడ మూత బిగించి, పైనుంచి పంచదార పొడి చల్లి, మెల్లిగా దొర్లించాలి. తర్వాత తెల్ల పళ్ళెం మీద బోర్లించి కుదిపితే, పట్టు జారిన పేలు పొడితో పాటు రాలతాయి. ఈగలు చావవు. తెల్లగా పొడి పూసుకుని పెట్టెలోకి వెళ్తాయి, మిగతావి వాటిని నాకి శుభ్రం చేస్తాయి.

బావగారు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆ గొంతు ఇంకా పోలేదు. సీసా కుదుపుతూ, "టిక్కెట్టు లేనివాళ్ళంతా దిగాలి, దిగాలి! చెకింగు వస్తోంది!" అని అరిచారు. పేలు టపటపా రాలాయి. నవ్వాను.

ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే గుర్తొచ్చింది నవ్వానని.

ప్రతి పెట్టెలోనూ ఉన్నాయి. ఆరోదాంట్లో మరీ ఎక్కువ. మందు పెట్టకపోతే చలికాలం దాటవు.

సెప్టెంబర్ 17

వకీలమ్మ దగ్గరికి. చిన్న గది, ఫ్యాను తిరిగినప్పుడల్లా కాగితాలు లేస్తాయి, ఆవిడ వాటిమీద పేపర్ వెయిట్లకి బదులు నిమ్మకాయలు పెట్టింది. అమ్మాయి ఆ నిమ్మకాయల్నే చూస్తూ కూర్చుంది.

"డాక్టరు సర్టిఫికెట్టు ఉంది. కానీ మెట్లమీద పడినా అలా విరగొచ్చు అంటారు అవతలివాళ్ళు" అంది వకీలమ్మ. "ఇంట్లో ఉన్న మూడో మనిషి నోరు విప్పితే కేసు నిలబడుతుంది. ఆయన్ని నేను సాక్షిగా పిలిపిస్తాను. వచ్చి ఏం చెప్తాడన్నదే ప్రశ్న. మీరు ఆయన్ని కలుస్తున్నారటగా?"

నేను మా ఆవిడ వైపు చూశాను. మా ఆవిడ గోడకేసి చూసింది.

"ఈగలకి మందు పెట్టాలండీ" అన్నాను.

"పెట్టండి. పెడుతూ ఒకసారి అడగండి."

సెప్టెంబర్ 22, ఆదివారం

ఫార్మిక్ యాసిడ్ పెట్టాం. మొదటి విడత. తేనె ఉన్న పై అరలన్నీ ముందే తీసేశాం. ఎండ తగ్గాక, సాయంత్రం పూట పెట్టాలి. మరీ వేడిగా ఉంటే ఈగలే పోతాయి. స్పాంజి ముక్క మీద మందు పోసి, తేనెపట్టు ఫ్రేముల పైన పెట్టి, మూత మూసెయ్యాలి. ఆవిరి కిందికి దిగుతుంది. పట్టులో మైనం మూతవేసిన గదుల్లో పెరిగే ఈగపిల్లల మీద కూడా పేలు ఉంటాయి, మైనం లోపలికి వెళ్ళి వాటిని చంపేది ఈ ఆవిరే. ఆ ఘాటు ముక్కులోకి పోతే కళ్ళలోంచి నీళ్ళు కారతాయి. గాలికి ఎదురుగా నిలబడకూడదు.

కళ్ళకి అద్దాలు, మూతికి మాస్కు, చేతులకి రబ్బరు గ్లౌజులు. నేను మూత ఎత్తాను, బావగారు పోశారు, నేను మూశాను. పది పెట్టెలు. పక్కన బకెట్టు నిండా నీళ్ళు.

అడగలేదు. మాస్కు పెట్టుకుని ఎలా అడుగుతారు ఎవరైనా.

ఇంట్లో గుమ్మంలోనే, "అడిగారా?" అంది మా ఆవిడ.

"మాస్కు ఉంది."

"ఓహో" అంది.

సెప్టెంబర్ 24

అమ్మాయి ఎడమచేత్తో తింటోంది. కలిపి పెడతానంటే వద్దంటుంది. పొద్దున్నే లేస్తుంది, స్నానం చేస్తుంది, కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటుంది. ఏడవదు. ఏడిస్తే ఊరుకోబెట్టొచ్చు.

ఇవాళ నేను చొక్కా ఆరేస్తుంటే వెనకనుంచి, "ఏ పెట్టెకి ఎక్కువున్నాయి?" అంది.

"ఆరు."

"అది ఎండాకాలంలోనే నీరసించింది. అప్పుడే చెప్పాను ఇద్దరికీ."

"చెప్పావు తల్లీ."

మళ్ళీ, "ఆయన ఏమైనా అన్నాడా?" అంది.

"ఏమీ అనలేదు."

"నువ్వేమైనా అడిగావా?"

గాలి అటు తిరిగి ఉందనో ఏదో అన్నాను. "సరేలే నాన్నా" అని కుర్చీలోకి వెళ్ళిపోయింది.

సెప్టెంబర్ 29, ఆదివారం

రెండో విడత. ఆఖరి పెట్టె మూస్తుండగా మోటారు సైకిలు చప్పుడైంది. అతను. తండ్రిని ఎక్కించుకెళ్ళడానికి వచ్చాడు. బావగారి స్కూటరు రిపేరులో ఉందట.

నీలం చొక్కా, చక్కగా దువ్వుకున్న తల. బండి దిగకుండానే, "బాగున్నారా మామయ్యగారూ?" అన్నాడు.

"బాగున్నాను" అన్నాను.

ఆ మాట దానంతటదే వచ్చింది. నలభై ఏళ్ళుగా అలా అడిగినవాళ్ళందరికీ అదే చెప్తున్నాను కదా. బావగారు గ్లౌజులు విప్పుతూ నేలకేసి చూస్తున్నారు. బండి వెళ్ళిపోయాక కూడా నా చేతిలో మూత ఉంది. పెట్టె మూసే ఉంది. ఆ మూత ఎక్కడిదో చాలాసేపు తెలియలేదు. పక్కన పడున్న ఖాళీ పెట్టెది.

సెప్టెంబర్ 30

బాగున్నాను.

అక్టోబర్ 3

కట్టు విప్పారు. మణికట్టు సగమైపోయింది. చర్మం తెల్లగా, పొట్టుపొట్టుగా రాలుతోంది. బంతి పట్టుకుని నొక్కుతూ ఉండమన్నాడు డాక్టరు. ఇంట్లో బంతి లేదు. నా పాత సాక్సు ఉండచుట్టి ఇచ్చింది వాళ్ళమ్మ. "ఉతికిందేనా?" అంది అమ్మాయి. ముగ్గురం నవ్వబోయాం. ఎవరమూ పూర్తిగా నవ్వలేదు.

అక్టోబర్ 6, ఆదివారం

మూడో విడత. అట్టల మీద పేలు రాలుతున్నాయి. పెట్టెల అడుగున వాసెలిన్ రాసిన తెల్ల అట్టలు పెట్టాం, పడ్డవి అంటుకుపోతాయి. మందు పనిచేస్తోంది.

అడగలేదు. గాలి మాటిమాటికీ మారింది.

నేను వెళ్ళేది ఈగల కోసమే. పది పెట్టెల్ని ఒక్క మనిషి చూసుకోలేడు. ఇందులో దాపరికమేమీ లేదు.

అక్టోబర్ 13, ఆదివారం

వరసగా రాస్తాను.

నాలుగో విడత, ఆఖరిది. ఆరో పెట్టె దగ్గర నేను మూత ఎత్తగానే ఈగలు బుస్సున లేచాయి. అది ఎప్పుడూ అంతే. ఒకటి బావగారి వల ముసుగులో దూరింది. ఆయన తల విదిలించారు. సీసా ఒలికింది. కుడిచేతి గ్లౌజు పాతది, మణికట్టు దగ్గర వదులుగా ఉంటుంది. కొత్తది కొనమని నేనెన్నిసార్లు చెప్పానో. మందు లోపలికి పోయింది.

ముందు ఆయనకీ తెలియలేదు. తర్వాత "అబ్బా" అన్నారు. గ్లౌజు లాగేశాను. బకెట్టులో చెయ్యి ముంచి, అక్కణ్ణుంచి కోల్డ్ స్టోరేజీ గోడ పక్కనున్న కుళాయి దగ్గరికి నడిపించాను. ధారగా నీళ్ళు పడుతూ ఉండాలి, పావుగంటకి తక్కువ కాకూడదని డబ్బా మీద రాసి ఉంటుంది. మోచేయి కింద నా చెయ్యి పెట్టి, మణికట్టు పట్టుకుని, నీళ్ళ కింద ఉంచాను. చర్మం తెల్లగా పాలిపోయి, అంచులు ఎర్రబడ్డాయి. ముసుగులో దూరిన ఈగ ఇంకా అక్కడే తిరుగుతోంది. దాన్ని తియ్యడం ఇద్దరికీ తోచలేదు.

"నాకు వినిపించింది బావగారూ" అన్నారు.

"అమ్మాయి అరవలేదండీ. వదలమంది. వదులు, నొప్పెడుతోంది అంది. రెండుసార్లంది. నేను కింద హాల్లో కూర్చున్నాను. మేడమీద గదే కదా, అన్నీ వినిపిస్తాయి. ఇంతకుముందు కూడా... నేను లేచి వెళ్ళలేదు. టీవీ సౌండు పెంచాను."

నీళ్ళు పడుతున్నాయి. నేను చెయ్యి వదల్లేదు. అంతకన్నా గట్టిగా పట్టుకోనూ లేదు. ఎలా పట్టుకున్నానో అలాగే ఉంచాను. కుళాయి కింద ఇటుక ఒకటుంది, దానిమీద నాచు. ఆ నాచునే చూశాను.

"కోర్టులో చెప్తారా?" అన్నాను. అన్నన్ని ఆదివారాలు నోట్లోంచి రాని మాట, ఎవరో పక్కవాడు అన్నట్టు వచ్చేసింది.

"వాడు నా కొడుకు బావగారూ."

"అమ్మాయి?"

పావుగంట అయింది. కుళాయి కట్టేశాను. ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్ళాను. కట్టు కట్టారు. మందుచీటీ నేనే పట్టుకెళ్ళి మందులు తెచ్చి ఆయన జేబులో పెట్టాను. రోజుకి రెండుసార్లు, తిన్నాక, అని చెప్పాను.

తిరిగి వచ్చి ఆరోదానితో కలిపి మిగిలిన ఐదు పెట్టెలకీ ఒక్కణ్ణే మందు పెట్టాను.

అక్టోబర్ 14

షాపులో పని ఎక్కువగా ఉంది.

అక్టోబర్ 15

ఏమీ లేదు.

అక్టోబర్ 16

ఇంట్లో చెప్పలేదు. చెప్పేందుకేముంది. ఆయన కోర్టులో చెప్పనన్నట్టే కదా. చెప్పని మాట వల్ల అమ్మాయికి వచ్చేదేముంది, ఇంకాస్త బాధ తప్ప. కాస్త కుదుటపడుతున్న పిల్ల.

అక్టోబర్ 17

కుదుటపడుతోందని నేనెందుకు రాశాను. కుర్చీలో కూర్చునే ఉంది.

అక్టోబర్ 19

చెప్పాను.

మా ఆవిడ బజారుకి వెళ్ళింది. అమ్మాయి సాక్సు ఉండ నొక్కుతోంది. ఎదురుగా మోడా వేసుకుని కూర్చుని, కుళాయి దగ్గర ఆయన అన్నవన్నీ అన్న వరసలోనే చెప్పాను. టీవీ మాట దగ్గర ఆగాను. మళ్ళీ అదీ చెప్పాను.

అమ్మాయి నొక్కడం ఆపలేదు.

"తెలుసు నాన్నా" అంది. "పళ్ళపొడి ప్రకటన వస్తోంది అప్పుడు. దానికి సౌండు పెరిగింది. ప్రకటనకి ఎవరైనా సౌండు పెంచుతారా? అప్పుడే అర్థమైంది నాకు, ఎవరూ పైకి రారని."

"విరగడం ఆ తర్వాత" అంది.

నేను లేచి, గ్లాసుతో నీళ్ళు తెచ్చి, ఎవరికిద్దామని తెచ్చానో తెలియక నేనే తాగాను.

"ఎప్పుడు చెప్పాడు?" అంది.

"ఆదివారం."

ఇవాళ శనివారం. వేళ్ళమీద లెక్కపెట్టుకున్నట్టుంది. "ఇంకా వెళ్తావా అక్కడికి?" అంది.

"మందు అయిపోయింది. అట్టలు చూడాలి. చలి ముదిరాక ఇంకో మందు ఒక్కసారి."

"వెళ్ళు. నేను వద్దనను. కానీ మందు కోసమని నాకు చెప్పకు నాన్నా. నీకు ఆయనంటే ఇష్టం. ఆ ముక్క చెప్పి వెళ్ళు."

అక్టోబర్ 21

వకీలమ్మకి అమ్మాయే చెప్పింది, నేను పక్కన ఉండగానే. వకీలమ్మ నా వైపు తిరిగింది.

"ఆయన మీతో అన్న మాటని మీరు కోర్టులో చెప్పాలి. ఆయన కాదంటే కాదంటాడు. అయినా చెప్పాలి. చెప్తారా?"

అందరూ నన్నే చూస్తున్నారు. బావగారిని నేనడిగిన మాట అదే. అదే గొంతుతో.

చెప్తానన్నాను.

అక్టోబర్ 27, ఆదివారం

వెళ్ళలేదు.

నవంబర్ 3, ఆదివారం

వెళ్ళాను. ఇంట్లో చెప్పే వెళ్ళాను. ఆయన ఉన్నారు. కుడిచేతికి కట్టు. ఎడమచేత్తో అట్టలు లాగి చూస్తున్నారు. పేలు దాదాపు లేవు. ఒక్కో అట్టమీద ఒకటో రెండో. ఆరో పెట్టె మాత్రం సగమైపోయింది. రాణీగ ఉంది, గుడ్లు పెడుతోంది.

"బతుకుతుందంటారా?" అన్నారు.

"చూద్దాం" అన్నాను.

చెయ్యి ఎలా ఉందని అడగలేదు. అడగాలని మాత్రం అనిపించింది. అనిపించినందుకు ఏదోలా ఉంది. ఏదోలా అంటే ఏమిటో రాయమంటే రాయలేను.

నవంబర్ 10, ఆదివారం

చాటుగా చెయ్యకూడదనిపించింది. పెట్టెల పక్కన ఇటుకలు సర్దుతూ, "నన్ను సాక్షిగా పిలిచారండీ" అన్నాను.

"నాకూ కాగితం వచ్చింది" అన్నారు. "మీరేం చెప్తారు?"

"మీరు చెప్పింది."

ఆయన పొగడబ్బా కేసి చూసి, "పొగ ఆరిపోతోంది బావగారూ" అన్నారు.

పొగడబ్బాలో నాలుగు ఎండుటాకులు వేసి ఊదాను. మళ్ళీ రాజుకుంది. ఏ పెట్టే తెరవాల్సిన పని లేదు. ఊరికే ఇద్దరం పొగ పెట్టుకుని నిలబడ్డాం.

నవంబర్ 20

మా ఆవిడ చొక్కా ఇస్త్రీ చేసింది. చేసిందే మళ్ళీ చేసింది.

నవంబర్ 21, గురువారం

కోర్టు. హాలు మా షాపంతే ఉంది. నేనేదో పెద్దగా ఉంటుందనుకున్నాను. ముందు వరసలో అమ్మాయి, వాళ్ళమ్మ, నేను. అవతల అతను, పక్కన బావగారు. అతను తండ్రి భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్తున్నాడు. బావగారు తల ఊపుతున్నారు.

ముందు ఆయన్ని పిలిచారు. చేతికి కట్టు తీసేశారు, కొత్త చర్మం గులాబీ రంగులో మెరుస్తోంది. వకీలమ్మ అడిగింది, ఆ రోజు ఏం విన్నారు అని.

"నేను హాల్లో టీవీ చూస్తున్నానండీ. ఏమీ వినపడలేదు."

ఆ కండక్టరు గొంతు లేదు. జడ్జిగారు కాస్త గట్టిగా చెప్పమన్నారు. మళ్ళీ అదే చెప్పారు. అమ్మాయి కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. కుడిచెయ్యి గుప్పిట ముడుస్తోంది, విప్పుతోంది. సాక్సు తేలేదు.

తర్వాత నన్ను.

సాక్షి బోనుకి రెండు మెట్లు ఎక్కాలి. ఎక్కాను. కొయ్య కటకటా పట్టుకున్నాను, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక. ఈగలకి మందు పెట్టడం దగ్గర్నుంచి మొదలెట్టాను. జడ్జిగారు, సంగతిలోకి రండి అన్నారు. వచ్చాను. గ్లౌజులోకి మందు పోవడం, కుళాయి, నీళ్ళు. "వదులు, నొప్పెడుతోంది" అన్న మాట. రెండుసార్లన్న మాట. సౌండు. చెప్తున్నంతసేపూ బావగారి వైపు చూడకూడదనుకున్నాను. ఆయన వైపే చూసి చెప్పాను. ఇంకెవరి వైపు చూసినా రాదు నాకు.

అతని వకీలు లేచి, "మీకూ ఈయనకీ తేనె వ్యాపారంలో తగాదాలున్నాయి, ఆ కక్షతో కల్పించి చెప్తున్నారు, అవునా?" అన్నాడు.

"తగాదాల్లేవండీ. ఎప్పుడూ లేవు" అన్నాను.

"కూతురి కోసం ఏ తండ్రైనా అబద్ధమాడతాడు. మీరూ ఆడుతున్నారు."

కటకటా పట్టుకునే నిలబడ్డాను. హాల్లో ఎవరో దగ్గారు.

జడ్జిగారు బావగారి వైపు తిరిగారు. "మీరు కూర్చున్నచోటే లేచి చెప్పండి. ఈయన చెప్పింది విన్నారు కదా. మీరేమంటారు?"

బావగారు లేవడానికి చాలాసేపు పట్టింది. అతను తండ్రి మోచెయ్యి పట్టుకున్నాడు. కుడిచెయ్యి, కాలిన చోటుకి కాస్త పైన. బావగారు ఆ చేతిని చూసుకున్నారు. అతను పట్టు వదిలాడో, ఆయనే లాక్కున్నారో నేను చూడలేదు.

"బావగారు అబద్ధం చెప్పరండీ" అన్నారు.

"అంటే ఆయన చెప్పింది నిజమేనా?"

"ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదండీ. నేనే ఇందాక చెప్పాను అబద్ధం."

మా ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మాయి గుప్పిట విప్పి ఒళ్ళో పెట్టుకుంది.

బయటికొచ్చాక అతను తండ్రితో ఒక్క మాట మాట్లాడకుండా బండెక్కి వెళ్ళిపోయాడు. బావగారు మెట్లమీద నిలబడిపోయారు. మేం ఆయన పక్కనుంచే దిగాలి. దిగాం. ఎవరం ఆగలేదు. ఆటోలో అమ్మాయి ఇంటిదాకా నా భుజానికి ఆనుకుని నిద్రపోయింది. నిద్ర కాదేమో. కళ్ళు మూసుకుంది.

నవంబర్ 25

అందరికీ అద్దాలు సరిగ్గానే బిగించాను.

డిసెంబర్ 5

తీర్పు వచ్చింది. అమ్మాయి మాటే నిలబడింది. అతనికి శిక్ష పడింది. ఎంతకాలమో ఇక్కడ రాయను. సంతోషం కలుగుతుందనుకున్నాను. మా ఆవిడ టీ పెట్టింది. ముగ్గురం తాగాం. పంచదార తక్కువైందని ఎవరూ అనలేదు.

బావగారు ఆ ఇల్లు వదిలేశారట. కోల్డ్ స్టోరేజీ దగ్గర వాచ్‌మన్ గది పక్కన గది తీసుకుని ఉంటున్నారని షాపుకొచ్చిన ఒకాయన చెప్పాడు. నేనేమీ అడగలేదు, ఆయనే చెప్పాడు.

డిసెంబర్ 8, ఆదివారం

చలి బాగా ఉంది. పెట్టెల్లో ఇప్పుడు పిల్లలుండవు, ఈగలన్నీ ఒక్క ముద్దగా చుట్టుకుని ఉంటాయి. పైన పట్టుకున్న పేలు ఏవైనా మిగిలితే వాటికి ఇదే ఆఖరి మందు. పంచదార పాకంలో కలిపిన ఆక్సాలిక్ యాసిడ్, సిరంజితో ఫ్రేముల సందుల్లో, ఈగల మీదే పొయ్యాలి. త్వరగా పొయ్యాలి. చలిలో మూత తీసి ఉంచకూడదు.

గుమ్మంలో చెప్పులేసుకుంటుంటే అమ్మాయి స్వెట్టరేసుకుని వచ్చింది.

"నేనూ వస్తాను" అంది.

"ఆయన ఉంటాడేమో."

"ఉంటే ఉంటాడు. ఈగలు నావి కూడా."

ఉన్నారు. గడ్డి అంచున, పెట్టెలకి ఇరవై గజాల దూరంలో. అమ్మాయిని చూసి అక్కడే ఆగిపోయారు. ముందుకి రాలేదు, వెనక్కీ పోలేదు. గడ్డం పెరిగింది.

అమ్మాయి ఆయన్ని చూసింది. చూసి, సిరంజిలోకి మందు లాగడం మొదలెట్టింది. కుడిచేత్తోనే. పట్టు ఇంకా పూర్తిగా రాలేదు, వేళ్ళు వణుకుతున్నాయి. మొదటి పెట్టె మూత నేనెత్తాను. మూత పట్టుకుంటే పై గుడ్డ తియ్యడానికి చెయ్యి లేదు. గుడ్డ తీస్తే మూత పెట్టడానికి చోటు లేదు. ఈగల ముద్ద మీద చలిగాలి కొట్టింది. ముద్ద సన్నగా రొద పెట్టింది.

"మూసెయ్ నాన్నా, మూసెయ్" అంది. మూసేశాను. ఇద్దరం నిలబడ్డాం.

"ఇద్దరి వల్ల కాదు" అంది. నా మొహం చూడకుండా, "పిలు" అంది.

"నువ్వు..."

"మాట్లాడమనలేదు. మూత పట్టుకోమను."

నేను ఆయన వైపు తిరిగాను. నోరు తెరిచాను. "రండి" అన్నాను. దానికి ముందు ఎప్పటి పిలుపు రావాల్సిన చోట ఆగి, వదిలేసి, మళ్ళీ "రండి" అన్నాను.

వచ్చారు. అమ్మాయికి రెండు గజాల దూరంలో ఆగి, నోరు విప్పబోయారు. అమ్మాయి సిరంజి పైకెత్తి, గాలి బుడగ బయటికి పోయేదాకా తట్టింది.

"కాస్త ఎడమవైపుకి పట్టుకోండి. వెలుతురుకి అడ్డం రావద్దు" అంది.

ఆయన మూత ఎత్తారు. నేను గుడ్డ తీశాను. అమ్మాయి సందు సందులోనూ మందు పోసుకుంటూ వెళ్ళింది. ఒక్క చుక్క పక్కకి పోలేదు. గుడ్డ కప్పాను. ఆయన మూత పెట్టారు.

తర్వాతి పెట్టె.